దోమ ఏ వేళ కుడుతుంది? బ్యాంకాక్‌కి ఒక సరంజామా, కెన్యాకి ఇంకొకటి

బ్యాంకాక్ టూరుకు దోమతెర మోసుకెళ్లేవాళ్లున్నారు. మసాయి మారా సఫారీకి ఒక్క ఒడోమాస్ ట్యూబుతో బయల్దేరేవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ జాగ్రత్తపరులమనే అనుకుంటారు. మొదటివాళ్ల తెర రాత్రి పని చేస్తుంది, అక్కడ వాళ్లను కుట్టే దోమ మాత్రం పగలు తిరుగుతుంది. రెండోవాళ్లకు కావాల్సిన మలేరియా మాత్రలు బ్యాగులో లేవు.

"మాది హైదరాబాద్, దోమలు మాకు అలవాటే" అనే ధీమా ఇక్కడ పనికిరాదు. నగరంలో పెరిగినవాళ్లకు ఆఫ్రికా మలేరియాను తట్టుకునే శక్తి ఏమీ ఉండదు. డెంగ్యూ సంగతి ఇంకా తిరకాసు. ఆ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒక రకం వచ్చి తగ్గినవాళ్లకు మరో రకం సోకితే జబ్బు ముదిరే ప్రమాదం మొదటిసారి కన్నా ఎక్కువ. అంటే ఇక్కడ ఒకసారి డెంగ్యూ పడి లేచినవాళ్లే బాలి, బ్యాంకాక్ వెళ్లేటప్పుడు మరింత జాగ్రత్తపడాలి.

## కొనేముందు చూసుకోవాల్సినవి

కుట్టే వేళ. అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇదే. మలేరియాను మోసే అనాఫిలిస్ పొద్దుగూకినప్పటి నుంచి తెల్లవారేదాకా కుడుతుంది. డెంగ్యూ, చికున్‌గున్యా, జికాలను మోసే ఈడిస్, అంటే కాళ్ల మీద తెల్లచారలున్న దోమ, పగటిది. ఎండెక్కక ముందు కొన్ని గంటలు, మళ్లీ సాయంత్రం పొద్దువాలే ముందు దాని జోరు ఎక్కువ. జపనీస్ మెదడువాపును మోసే క్యూలెక్స్ రాత్రిపూటది, వరి పొలాలు, పందులు ఉన్నచోట పెరుగుతుంది. అనాఫిలిస్‌కు తెర, మాత్ర ఆయుధాలు. ఈడిస్‌కు ఒంటికి రాసుకునే మందు, నిండా కప్పే బట్టలు. దీన్ని తారుమారు చేస్తే ఎంత ఖరీదైన వస్తువు కొన్నా దండగే.

దేశం కాదు, ఊరు. ఒకే దేశంలో రాజధానిలో మలేరియా లేకపోవచ్చు, సరిహద్దు అడవిలో ఉండొచ్చు. టికెట్ మీద దేశం పేరు చూసి నిర్ణయించుకోకుండా రాత్రి ఎక్కడ పడుకుంటారో చూడండి.

ఇంకెన్ని రోజులున్నాయి. మెదడువాపు టీకాకు రెండు డోసుల మధ్య 28 రోజులు కావాలి. ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్ సూది వేయించుకున్న 10 రోజుల తర్వాతే చెల్లుతుంది. మలేరియాకు వాడే మెఫ్లోక్విన్ మాత్రలు కనీసం 2 వారాల ముందు మొదలవ్వాలి. డాక్సీసైక్లిన్ అయితే ఒకటి రెండు రోజుల ముందు చాలు. ఆరు వారాల ముందే డాక్టర్‌ను కలిస్తే అన్ని దారులూ తెరిచి ఉంటాయి. వారం ముందు కలిస్తే మిగిలిన వాటిలోంచే ఏరుకోవాలి.

వెళ్లేది ఎవరు. గర్భిణి, పసిపాప, అరవై దాటిన తల్లిదండ్రులు, మూర్ఛకు మందులు వాడేవాళ్లు: వీళ్లలో ఒక్కొక్కరికి ఒక్కో దారి మూసుకుపోతుంది. కుటుంబమంతటికీ ఒకే చీటీ పనికిరాదు.

## ఎక్కడికి వెళ్తే ఏది ముఖ్యం

| వెళ్లేచోటు | ముఖ్యమైన ముప్పు | మలేరియా మాత్రలు | మొదట డబ్బు పెట్టాల్సింది |
|---|---|---|---|
| సింగపూర్, మాల్దీవులు, శ్రీలంక | డెంగ్యూ | అక్కర్లేదు | పగటికి ఒంటి మందు |
| బ్యాంకాక్, పట్టాయా, ఫుకెట్ | డెంగ్యూ, చికున్‌గున్యా | అక్కర్లేదు | పగటికి ఒంటి మందు |
| థాయ్‌లాండ్ సరిహద్దు అడవులు | మలేరియా, డెంగ్యూ | డాక్టర్‌ను అడగాలి | ఒంటి మందు, తెర |
| బాలి | డెంగ్యూ. పల్లెల్లో ఎక్కువకాలం ఉంటే మెదడువాపు | పర్యాటక ప్రాంతాలకు అక్కర్లేదు | ఒంటి మందు |
| కెన్యా, ఉగాండా | ప్రమాదకరమైన ఫాల్సిపారం మలేరియా, ఎల్లో ఫీవర్ | తప్పనిసరి | మాత్రలు, టీకా, తెర |
| బ్రెజిల్ అమెజాన్ | మలేరియా, ఎల్లో ఫీవర్, డెంగ్యూ | డాక్టర్‌ను అడగాలి | టీకా, ఒంటి మందు |
| అల్లూరి జిల్లా ఏజెన్సీ, బస్తర్, మల్కన్‌గిరి | మలేరియా | బసను బట్టి | తెర, ఒంటి మందు |

మాల్దీవులను 2015లో, శ్రీలంకను 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మలేరియా లేని దేశాలుగా గుర్తించింది. సింగపూర్‌కు ఆ గుర్తింపు 1982 నుంచే ఉంది. మలేరియా లేదన్నారని దోమే లేదనుకోకూడదు. ఆ మూడు చోట్లా డెంగ్యూ ఉంది. కెన్యాలో నైరోబీ నగరం ఎత్తు మీద ఉండడంతో ముప్పు తక్కువే, కానీ సఫారీకి వెళ్లేవాళ్లెవరూ నైరోబీలో ఆగిపోరు.

ఆఖరి వరుసను చూసి ఆశ్చర్యపోనక్కర్లేదు. ఉష్ణమండల ప్రయాణానికి పాస్‌పోర్టే అక్కర్లేదు. మన్యం జ్వరమని పెద్దలు భయపడింది దీనికే.

## ఒంటికి రాసుకునేవి: పేరు కాదు, వెనక లేబుల్ చూడండి

సీసా ముందువైపు ఆకుల బొమ్మ, పసిపాప నవ్వు, "సహజ" అనే మాట ఉంటాయి. పనికొచ్చే సమాచారమంతా వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంటుంది: మందు పేరు, ఎంత శాతం. ఆ రెండూ లేని సీసాను అక్కడే పెట్టేయండి.

డీట్. 1946లో అమెరికా సైన్యం కోసం తయారై, 1957 నుంచి జనం వాడకంలోకి వచ్చింది. అందరికన్నా ఎక్కువ పరీక్షలకు నిలబడ్డ మందు ఇదే. 10 శాతమైతే సుమారు 2 గంటలు, 20 నుంచి 30 శాతమైతే 4 నుంచి 6 గంటలు కాపాడుతుంది. 50 శాతం దాటితే అదనంగా వచ్చే లాభం దాదాపు ఏమీ ఉండదు, మంట మాత్రం పెరుగుతుంది. శాతం పెరిగితే రక్షణ ఎక్కువసేపు నిలుస్తుందే తప్ప దోమ ఎక్కువ దూరం పారిపోదు. దీని లోపం ప్లాస్టిక్‌ను తినేయడం. చలువ కళ్లద్దాల ఫ్రేము, వాచీ గ్లాసు, ఫోన్ కవరు, సాగే స్విమ్‌సూట్ గుడ్డ, గోళ్లరంగు అన్నీ దీనికి లొంగుతాయి. రాసుకున్నాక అరచేతులు కడుక్కుని ఆ తర్వాతే ఫోన్ పట్టుకోండి.

పికారిడిన్. దీన్నే ఇకారిడిన్ అంటారు. 20 శాతం ఉన్నది డీట్‌తో సమానంగా నిలుస్తుంది, జిడ్డు ఉండదు, వాసన తక్కువ, ప్లాస్టిక్ జోలికి పోదు. దొరికితే కుటుంబంతో వెళ్లేవాళ్లు తీసుకోవాల్సింది ఇదే. చిక్కల్లా దొరకడంలోనే. మన మందుల షాపుల్లో అరుదు, ఆన్‌లైన్‌లో ముందే తెప్పించుకోవాలి. సింగపూర్‌లో దిగితే అక్కడి ఫార్మసీల్లో దొరుకుతుంది.

మన ఒడోమాస్ తరహా క్రీములు. వీటిలో సాధారణంగా ఉండేది డైఈథైల్ బెంజమైడ్, 12 శాతం. వీధి చివరి షాపులో కూడా దొరుకుతుంది, చవక, చర్మానికి మెత్తగా ఉంటుంది. నాలుగైదు రోజుల సింగపూర్ ప్రయాణానికి ఇదే చాలు, కాకపోతే ఒక షరతు ఉంది. ట్యూబు మీద ఎన్ని గంటలని రాసి ఉన్నా ఆ లెక్క చెమట పట్టని చర్మానిది. బాలి ఉక్కపోతలో గుళ్లూ గోపురాలూ తిరిగేటప్పుడు రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయాల్సిందే. రాత్రి నిద్రలో లేచి ఎవరూ రాసుకోరు కాబట్టి మలేరియా ప్రాంతంలో దీన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు.

నిమ్మ యూకలిప్టస్ నుంచి తీసే పీఎండీ. మొక్కల మందే కావాలనేవాళ్లకు నిజంగా పనిచేసేది ఇదొక్కటే. 30 శాతం ఉంటే సుమారు 6 గంటలు నిలుస్తుంది. మూడేళ్లలోపు పిల్లలకు వాడకూడదు. చాలామంది పొరపడేది ఇక్కడే: జలుబుకు ఆవిరి పట్టే నీలగిరి తైలం వేరు, ఇది వేరు. నీలగిరి తైలం ఒంటికి పూసుకుంటే ముక్కు తెరుచుకుంటుంది తప్ప దోమ ఆగదు. నిమ్మగడ్డి నూనె, వేపనూనె కూడా కొద్దిసేపే. ఇంటి అరుగు మీద కూర్చోవడానికి ఫర్వాలేదు, డెంగ్యూ ఉన్న ఊళ్లో తిరగడానికి కాదు.

ఎంత కొనాలన్నది ఎవరూ లెక్కవేయరు, మూడో రోజుకే ట్యూబు పిండుకుంటూ ఉంటారు. చేతులు, కాళ్లు, మెడ, చెవుల వెనక, పాదాల పైభాగం అన్నీ కలిపి పెద్దవాళ్లకు ఒకసారికి సుమారు ఒక టీస్పూను, అంటే 5 మి.లీ. పడుతుంది. రోజుకు రెండుసార్లంటే 10 రోజులకు ఒక్కరికే 100 మి.లీ. నలుగురున్న కుటుంబానికి 50 గ్రాముల ట్యూబు రెండు రోజులు కూడా రాదు.

రాసే పద్ధతిలోనూ తేడాలొస్తాయి. ముందు సన్‌స్క్రీన్, అది ఇంకడానికి 15 నుంచి 20 నిమిషాలు, ఆ తర్వాత దోమల మందు. రెండూ కలిపిన క్రీము కొనకండి: సన్‌స్క్రీన్‌ను రెండు గంటలకోసారి రాయాలి, డీట్, పికారిడిన్ లాంటి దోమల మందును అంత తరచుగా రాయకూడదు. డీట్ వల్ల సన్‌స్క్రీన్ బలం కొంత తగ్గుతుంది, కాబట్టి టోపీ కూడా పెట్టుకోండి. బట్టల కింద ఉండే చర్మానికి రాయొద్దు. ముఖం మీద నేరుగా స్ప్రే కొట్టకుండా అరచేతిలోకి తీసుకుని రాసుకోవాలి. పిల్లలకు పెద్దవాళ్లే రాయాలి, వాళ్ల అరచేతులకు రాయకూడదు, ఎందుకంటే అవి నోట్లోకి వెళ్తాయి. రెండు నెలల్లోపు పసికందులకు ఏ మందూ రాయొద్దు, ఉయ్యాలకు, స్ట్రోలర్‌కు అంచులు బిగుసుకునే తెర వేయండి. గర్భిణులు లేబుల్ ప్రకారం డీట్, పికారిడిన్ వాడుకోవచ్చు. బిడ్డకు హాని చేసేది జికా, ఈ మందు కాదు.

## గదిలోకి: తెరా, ఆలౌటా, కాయిలా, ఏసీనా

ఏసీ గది, కిటికీలు పూర్తిగా మూసుకునే హోటల్ అయితే తెర మోయక్కర్లేదు. ఏసీ చల్లదనంలో దోమ మందగిస్తుంది కానీ చావదు. గదిలోకి రాగానే పరదాల వెనక, మంచం కింద, బాత్రూమ్‌లో ఒకసారి చూడండి, ఈడిస్ దాక్కునేది అలాంటి చీకటి మూలల్లోనే.

ఆలౌట్, గుడ్‌నైట్ లాంటి ద్రవం మెషిన్లు మూసిన గదిలో బాగా పనిచేస్తాయి. పడుకోవడానికి అరగంట ముందు పెట్టాలి. ఫ్యాను గాలికి ఎదురుగా, తెరిచిన కిటికీ పక్కన పెడితే వృథా. చెక్క గుడిసె లాంటి రిసార్టుల్లో గోడల సందుల్లోంచి గాలి ఆడుతుంది, అక్కడ దీన్ని నమ్ముకోకండి. ప్రయాణంలో వచ్చే తంటాలు రెండు. ఒకటి ప్లగ్గు: సింగపూర్, మలేసియా, కెన్యాల్లో మూడు చదరపు పిన్నుల సాకెట్, మన గుండ్రటి రెండు పిన్నుల మెషిన్ నేరుగా దూరదు, అడాప్టర్ కావాలి. రెండోది కారిపోవడం: రీఫిల్‌ను మెషిన్‌కే బిగించి పెట్టెలో పడేస్తే వత్తి గుండా ద్రవం కారి బట్టలు పాడవుతాయి. రీఫిల్ విప్పి, మూత బిగించి, జిప్ కవర్లో నిలబెట్టి సర్దండి. బొద్దింకల స్ప్రే లాంటి పురుగుమందు డబ్బాలను విమానంలో పెట్టనివ్వరు, వాటికి డబ్బు తగలెయ్యకండి.

కాయిల్ బాల్కనీకో, ఆరుబయట భోజనానికో సరే. మూసిన గదిలో ఆ పొగ పీలుస్తూ రాత్రంతా పడుకోవడం, ముఖ్యంగా ఆయాసం ఉన్నవాళ్లతో, మంచిది కాదు. రిజిస్ట్రేషన్ నంబరు, మందు పేరు లేకుండా అమ్మే దోమల అగరబత్తీల జోలికి అసలు పోవద్దు. వాటిలో ఏం కలిపారో పెట్టె చెప్పదు. దోమల బ్యాట్ బ్యాటరీలతో నడిచేదైనా విమానంలో దానికి వివరణలు ఇచ్చుకోవాలి, కంటికి కనిపించిన దోమనే చంపుతుంది. వదిలేయండి.

ఇక తెర. సఫారీ టెంటు, మన్యంలో బస, పల్లెటూరి హోంస్టే అయితే దీన్ని మించింది లేదు. చూడాల్సినవి మూడు.

మొదటిది అల్లిక: చదరపు అంగుళానికి 156 రంధ్రాలకు తగ్గకూడదు. అలంకారానికి అమ్మే పెద్ద రంధ్రాల తెరలు కిటికీకి అందంగా ఉంటాయి, అంతే.

రెండోది మందు పట్టించినదా కాదా అన్నది. మామూలు తెరకు మోచెయ్యి ఆనుకుంటే దోమ బయట నుంచే కుడుతుంది, చిన్న చిరుగున్నా లోపలికి వస్తుంది. పైరెథ్రాయిడ్ అనే పురుగుమందు పట్టించిన తెర మీద వాలిన దోమ చస్తుంది, కాబట్టి చిన్న లోపాలను అది కాస్తుంది. ఫ్యాక్టరీలోనే మందు పట్టించిన తెరలు సుమారు 20 ఉతుకుల దాకా పనిచేసేలా తయారవుతాయి. ఎండలో ఆరేస్తే మందు త్వరగా పోతుంది, నీడలో ఆరేయాలి.

మూడోది ఆకారం. మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే గుడారం లాంటి మడత తెర తాళ్లు లేకుండానే నిలబడుతుంది, కానీ మడిచినా సైకిల్ చక్రమంత ఉంటుంది, క్యాబిన్ బ్యాగులో పట్టదు. ఒక్కరికైతే ఒకే కొక్కేనికి వేలాడే గొడుగు తెర తేలిక. దాంతోపాటు నాలుగైదు మీటర్ల నైలాన్ తాడు, రెండు ఎస్ కొక్కేలు, కొన్ని పిన్నీసులు, చిరుగులకు వెడల్పు టేపు పెట్టుకోండి. కొక్కెం లేని గదులే ఎక్కువ. పడుకునేముందు అంచులు పరుపు కింద దోపి, లోపల టార్చి వేసి చూడాలి. తెర లోపలే ఉండిపోయిన ఒక్క దోమ రాత్రంతా కుడుతుంది.

కోఠి, బేగంబజారుల్లో తెర కొనేటప్పుడు చేతిలో పట్టుకుని వెలుతురుకు ఎదురుగా చూడండి. కుట్టుపోగులు ఊడినచోట, జిప్పు కింది కొనలో సందు ఉంటుంది. కొత్త తెరల్లోనూ లోపం ఎక్కువగా అక్కడే.

## బట్టలు

వదులుగా, లేత రంగులో, పొడవు చేతులవి. బిగుతు లెగ్గింగ్స్ మీద నుంచి దోమ హాయిగా కుడుతుంది. పర్మెత్రిన్ అనే పురుగుమందు 0.5 శాతం స్ప్రేను బట్టలకు కొట్టి ఆరబెడితే సుమారు 6 ఉతుకుల దాకా పనిచేస్తుంది. దీన్ని చర్మానికి రాయకూడదు. ఇంట్లో పిల్లి ఉంటే తడి ఆరేదాకా దాన్ని ఆ గదిలోకి రానివ్వొద్దు, పిల్లులకు ఇది విషం. అక్వేరియం పక్కన కొట్టొద్దు. వారం రోజుల సఫారీకి, మన్యంలో ట్రెక్కింగ్‌కు ఇది బాగా కలిసొస్తుంది. నగర ప్రయాణానికి అంత శ్రమ అనవసరం. చెప్పులు, హాఫ్ ప్యాంట్లతో తిరిగేవాళ్లకు ఈడిస్ కుట్టేది చీలమండల దగ్గరే, ఆ సంగతి గుర్తుంటే చాలు.

## మలేరియా మాత్రలు: మూడింటిలో ఏది

దోమ ద్వారానే మలేరియా సోకుతుందన్న సంగతికి తొలి ఆధారం దొరికింది మన బేగంపేటలోనే. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ పరాన్నజీవిని చూశాడు. అప్పటి నుంచి పరాన్నజీవి కూడా మందులకు మొండికేయడం నేర్చుకుంది. ఇంట్లో మిగిలిన క్లోరోక్విన్ మాత్రలు ఆఫ్రికాలో ఫాల్సిపారం మలేరియాను ఆపలేవు. ఇప్పుడు డాక్టర్లు రాసేది ఈ మూడింటిలో ఒకటి.

| | అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ | డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. | మెఫ్లోక్విన్ 250 మి.గ్రా. |
|---|---|---|---|
| ఎప్పుడు మొదలు | 1–2 రోజుల ముందు | 1–2 రోజుల ముందు | కనీసం 2 వారాల ముందు |
| ఎలా | రోజుకొకటి | రోజుకొకటి | వారానికొకటి |
| తిరిగొచ్చాక | 7 రోజులు | 4 వారాలు | 4 వారాలు |
| 7 రోజుల ట్రిప్పుకు మాత్రలు | సుమారు 15 | సుమారు 36 | 7 లేదా 8 |
| ఖర్చు | అన్నిటికన్నా ఎక్కువ | తక్కువ | మధ్యరకం |
| ఎవరికి వద్దు | కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి, గర్భిణులకు | గర్భిణులకు, 8 ఏళ్లలోపు పిల్లలకు | డిప్రెషన్, మూర్ఛ, గుండె లయ సమస్యలున్నవారికి |

వారం రోజుల సఫారీ, డబ్బుకు ఇబ్బంది లేదు అంటే అటోవాక్వోన్-ప్రోగ్వానిల్. ఒంటికి పడుతుంది, ఇంటికొచ్చాక వారంలో ముగుస్తుంది. మన నగరంలో ప్రతి మందుల షాపులో ఉండదు, చీటీ పట్టుకుని కనీసం పది రోజుల ముందే ఆర్డర్ పెట్టాలి. కొవ్వున్న భోజనంతో గానీ పాలతో గానీ వేసుకోవాలి, ఖాళీ కడుపుతో వేసుకుంటే ఒంటికి సరిగా అందదు. వేసుకున్న గంటలోపు వాంతైతే మళ్లీ వేసుకోవాలి.

డాక్సీసైక్లిన్ చవక, ఎక్కడైనా దొరుకుతుంది, నెలల తరబడి ఆఫ్రికాలో పనికి వెళ్లేవాళ్లకు అనువైనది. దాని ఇబ్బందులు ముందే తెలిసుండాలి. మొదటిది ఎండ: చర్మం త్వరగా కమిలిపోతుంది, ఓపెన్ జీపులో తిరిగేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. రెండోది అన్నవాహిక మంట. పడుకోబోయే ముందు గుక్కెడు నీళ్లతో మింగితే మాత్ర గొంతు కింద అతుక్కుని పుండు చేస్తుంది. భోజనం తర్వాత నిండు గ్లాసు నీళ్లతో మింగి అరగంట నిటారుగా ఉండాలి. పాలు, ఐరన్, క్యాల్షియం, ఎసిడిటీ మాత్రలతో కలిపి వేసుకోకూడదు. అందరూ తప్పేది ఆఖరి దశలో. ఇంటికొచ్చి ఒళ్లు బాగానే ఉందని రెండో వారానికే మానేస్తారు. కాలేయంలో దాగిన పరాన్నజీవి బయటికొచ్చి రక్తంలో చేరేది ఆ రోజుల్లోనే, ఈ మందు దాన్ని రక్తంలోనే చంపుతుంది. అందుకే 28 రోజులు.

మెఫ్లోక్విన్ వారానికొకటే కాబట్టి మరచిపోయేవాళ్లకు సులువు, గర్భిణులకు తప్పనిసరి ప్రయాణమైతే డాక్టర్లు దీనివైపు చూస్తారు. కానీ పీడకలలు, ఆందోళన, మనసు చెదరడం కొందరిలో తీవ్రంగా వస్తాయి. రెండు మూడు వారాల ముందు మొదలుపెట్టమనేది ఆ లక్షణాలేవో ఇంట్లోనే బయటపడటానికి కూడా. థాయ్‌లాండ్ సరిహద్దుల్లో దీనికి లొంగని మలేరియా ఉంది, అక్కడికిది వద్దు.

మన్యం, బస్తర్ ప్రయాణాలకు రెండు మూడు రాత్రుల బస అయితే తెర, ఒంటి మందుతో సరిపెట్టుకోవడం పరిపాటి. వారాల తరబడి పని మీద వెళ్లేవాళ్లు మాత్రల గురించి డాక్టర్‌ను అడగాలి. ఏ మాత్రా నూటికి నూరు శాతం కాదు, వేసుకున్నా తెర మానకూడదు.

## టీకాలు

ఎల్లో ఫీవర్. దీన్ని వాయిదా వేయడం కుదరదు. మన దేశంలో ఎల్లో ఫీవర్ లేదు, దాన్ని మోయగల ఈడిస్ మాత్రం కావాల్సినంత ఉంది. అందుకే కెన్యా, ఉగాండా, బ్రెజిల్ లాంటి దేశాల నుంచి సర్టిఫికెట్ లేకుండా దిగినవాళ్లను 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టే అధికారం ఉంది. అది శంషాబాద్‌లో తిరిగి దిగేటప్పుడు కూడా వచ్చే తిప్ప, వెళ్లేటప్పుడే కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ గుర్తింపు ఉన్న కేంద్రం. ఒరిజినల్ పాస్‌పోర్టు తీసుకెళ్లాలి. సీసా ఒకటి తెరిస్తే పలువురికి వేసి గంటల్లోనే ముగించాలి కాబట్టి ఏ రోజుల్లో వేస్తారో ముందే కనుక్కోండి. సూది వేశాక సర్టిఫికెట్‌గా ఇచ్చే పసుపు పుస్తకంలో పాస్‌పోర్టు నంబరు, బ్యాచ్ నంబరు, తేదీ, ముద్ర సరిగ్గా ఉన్నాయో లేదో అక్కడే చూసుకోవాలి. 2016 జులై నుంచి ఒక్క డోసు సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది, పాత పుస్తకంలో పదేళ్ల గడువు రాసి ఉన్నా సరే.

ఇది బతికున్న వైరస్ టీకా. తొమ్మిది నెలల్లోపు పిల్లలకు, గుడ్డు తింటే తీవ్రమైన అలర్జీ వచ్చేవారికి, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవారికి వేయరు. అరవై దాటినవాళ్లకు తొలిసారి వేసేటప్పుడు దుష్ప్రభావాల ముప్పు ఎక్కువ. తల్లిదండ్రులను సఫారీకి తీసుకెళ్లే ఆలోచనుంటే టికెట్ కొనకముందే ఈ మాట డాక్టర్‌తో తేల్చుకోండి. ఎంఎంఆర్ లాంటి మరో బతికున్న టీకా కూడా కావాలంటే రెండూ ఒకేరోజు, లేదంటే 28 రోజుల తేడాతో.

జపనీస్ మెదడువాపు. బాలి, వియత్నాం, థాయ్‌లాండ్ పల్లెల్లో నెల, అంతకుపైన ఉండేవాళ్లకు. వారం రోజుల హోటల్ యాత్రికులకు సాధారణంగా అక్కర్లేదు. ఈ టీకాను హైదరాబాద్ కంపెనీలే, భారత్ బయోటెక్, బయోలాజికల్ ఇ, తయారుచేస్తాయి కాబట్టి విదేశీ టీకా కోసం వెతుక్కోనక్కర్లేదు.

డెంగ్యూ. కొన్ని దేశాల్లో టీకా ఉంది కానీ మూడు నెలల తేడాతో రెండు డోసులు కావాలి. వచ్చే నెల ప్రయాణానికి అది దారి కాదు. మలేరియాలా ముందస్తు మాత్రా లేదు. అందుకే పగటిపూట ఒంటి మందుకు అంత విలువ.

## ఎవరికి ఏది

కొత్త దంపతులు బాలి లేదా ఫుకెట్ వెళ్తుంటే: పికారిడిన్ 20 శాతం లేదా డీట్ 20–30 శాతం చెరొక 100 మి.లీ., ఏసీ గది. తెర, మాత్రలు వద్దు. ఇక పిల్లల కోసం ప్రయత్నిస్తున్న జంటలు జికా ఉన్న చోటి నుంచి వచ్చాక భర్త 3 నెలలు, భార్య మాత్రమే వెళ్లొస్తే 2 నెలలు ఆగాలి. జికా దోమతోనే కాదు, కలయికతో కూడా సోకుతుంది. ఇప్పటికే గర్భిణి అయితే ఆ టూరు వాయిదా వేయడమే మేలు, దీనికి వేరే ప్రత్యామ్నాయం లేదు.

ఇద్దరు చిన్నపిల్లలతో సింగపూర్: ఇక్కడి క్రీము ట్యూబులు నాలుగు, లేదా అక్కడ దిగి పికారిడిన్ కొనడం. జూలో, తోటల్లో తిరిగే పొద్దున్న, సాయంత్రం రెండు పూటలూ రాయాలి.

కెన్యా సఫారీ: ఎల్లో ఫీవర్ సూది, అటోవాక్వోన్-ప్రోగ్వానిల్, సాయంత్రం నుంచి డీట్, పర్మెత్రిన్ బట్టలు. మంచి లాడ్జిలో తెరలు వాళ్లే కడతారు, చిరుగులకు టేపు మాత్రం మీదే.

కంపెనీ పని మీద ఏడాదికి ఉగాండా: డాక్సీసైక్లిన్ లేదా డాక్టర్ చెప్పింది, మందు పట్టించిన సొంత తెర. చాలామంది మూడు నెలల తర్వాత మాత్రలు మానేస్తారు, అక్కడివాళ్లెవరూ వేసుకోవట్లేదని. అక్కడ పుట్టి పెరిగినవాళ్లకు చిన్నప్పటి నుంచి సోకి సోకి వచ్చిన కొంత తట్టుకునే శక్తి ఉంటుంది, మీకుండదు.

అల్ట్రాసౌండ్ యాప్‌లు, చేతి పట్టీలు, బి విటమిన్ మాత్రలు, వెల్లుల్లి తినడం ఎవరికీ వద్దు. పేరు గొప్ప, పని సున్నా.

## తిరిగొచ్చాక జ్వరం

మలేరియా ఉన్నచోట అడుగుపెట్టిన మూడో రోజే జ్వరమొస్తే అది ఆ ప్రయాణపు మలేరియా కాదు, దోమ కుట్టాక దానికి కనీసం 7 రోజులు పడుతుంది. డెంగ్యూ, చికున్‌గున్యా అయితే ముందే రావొచ్చు. మలేరియా ప్రాంతం నుంచి వచ్చిన ఏడాదిలోపు ఏ జ్వరమైనా, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో, అదేరోజు రక్తపరీక్ష చేయించుకోవాలి. డాక్టర్ అడగకపోయినా దేశం పేరు, తేదీలు, వేసుకున్న మాత్రలు మీరే చెప్పండి. ఇక్కడి సీజన్ జ్వరమనుకుని రెండు రోజులు చూద్దామంటే ఫాల్సిపారం ఆ రెండు రోజుల్లోనే మెదడుకు పాకగలదు. ఒకసారి పరీక్షలో లేదని వచ్చినా జ్వరం కొనసాగితే 12 నుంచి 24 గంటల తేడాతో మళ్లీ చేయించాలి. నల్లకుంటలో కోరంటి ఆసుపత్రిగా పిలుచుకునే ఫీవర్ ఆసుపత్రికి రాస్ పేరే పెట్టారు, ఇలాంటి జ్వరాలు చూడటమే దాని పని.

డెంగ్యూకు మొదటి ఐదు రోజుల్లో ఎన్‌ఎస్1 పరీక్ష, ఆ తర్వాత ఐజీఎం. డెంగ్యూ కాదని తేలేదాకా జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ రక్తస్రావాన్ని పెంచుతాయి, నొప్పుల కోసం అడిగి తెచ్చుకోవద్దు. జ్వరం తగ్గిన రోజే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత మొదలైతే ఆసుపత్రికి పరుగెత్తాల్సింది అప్పుడే.

వైవాక్స్ అనే రకం మలేరియా అని తేలితే అసలు చికిత్సతో పాటు 14 రోజుల ప్రైమాక్విన్ కూడా ఇస్తారు, లేకపోతే కాలేయంలో నిద్రపోతున్న పరాన్నజీవి నెలల తర్వాత మళ్లీ లేస్తుంది. ఆ మందుకు ముందు జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉందేమో చూసే పరీక్ష చేయాలి, ఆ లోపం ఉన్నవారిలో అది రక్తకణాలను పగలగొడుతుంది. ఇక ఏ జ్వరమూ లేకపోయినా వచ్చిన మూడు వారాలు పగటిపూట దోమల మందు మానకండి. మీ ఒంట్లో తెలియకుండా వైరస్ ఉంటే, మీ అపార్ట్‌మెంట్‌లోని ఈడిస్ దాన్ని మీ దగ్గర తీసుకుని పక్క ఫ్లాట్‌కు పంచుతుంది.